చీమల ఇంట్లోనూ బెంచ్ ఉంది

“చీమని చూసి నేర్చుకోరా” అనే మాట వినకుండా పెద్దయిన తెలుగు పిల్లలు ఎవరైనా ఉంటే చేతులెత్తండి. పొద్దున్నే లేవకపోతే చీమ, హోంవర్క్ ఎగ్గొడితే చీమ, ఇంటర్‌లో మార్కులు తగ్గితే చీమ. మా ఇంట్లో ఈ డోస్ ఇంకాస్త ఎక్కువ. నాన్నది తెనాలి దగ్గర ఓ ఊళ్లో కిరాణా కొట్టు. బెల్లం, పంచదార ఉన్నచోట చీమలకీ, చీమల మీద ఉపన్యాసాలకీ కొదవేముంటుంది? బెల్లం పెట్టిన బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టి, గోడ వెంట లక్ష్మణరేఖ సుద్దతో గీతలు గీసి పగలంతా వాటితో యుద్ధం చేసే మనిషే, రాత్రి అన్నాల దగ్గర వాటిని తెగ మెచ్చుకునేవాడు.

ఈ మధ్య వాటిని తీరిగ్గా చూసే టైమ్ నాకు దొరికింది. దొరికింది అనేకంటే నెత్తిన పడింది అనాలి. నేను చేస్తున్న ప్రాజెక్ట్ ముగిసింది, కొత్తది రాలేదు. మా ఐటీలో దీన్ని ‘బెంచ్’ అంటారు. జీతం వస్తుంది, పని రాదు. బయటివాళ్లకి ఇది పండగలా కనిపిస్తుంది. మొదటి వారం నిజంగానే పండగ. రెండో వారం నుంచి ఫోన్ మోగితే గుండె ఝల్లుమంటుంది. ప్రతి సోమవారం ఒక ఎక్సెల్ షీట్ వచ్చేది. అందులో మన పేరు పక్కన ‘యుటిలైజేషన్’ అని ఒక గడి. నా గడిలో సున్నా, దాని వెనక ఎర్ర రంగు. బెంచ్ మీద 60 రోజులు దాటితే హెచ్‌ఆర్ నుంచి పిలుపు వస్తుందని అందరికీ తెలుసు. ఆ పిలుపు తర్వాత ఏమవుతుందో కూడా తెలుసు.

హైదరాబాద్ నిజాంపేటలో నేనుండేది రెండో అంతస్తు. బాల్కనీలో స్టూల్ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, చాట్‌లో నా పేరు పక్కన పచ్చచుక్క ఆరిపోకుండా అప్పుడప్పుడూ మౌస్ కదిలిస్తూ కూర్చునేవాణ్ని. ఆన్‌లైన్ కోర్సులు చేశాను. వేరే టీముల వాళ్లకి ఇంటర్వ్యూలు ఇచ్చాను. మిగతా టైమంతా నా కాళ్ల దగ్గర తిరుగుతున్న చీమలదే.

ఇవి మీ ఇంట్లోనూ ఉండే చిన్న నల్ల చీమలే. కుట్టవు. పొడుగు కాళ్లు, తల మీద అంతకంటే పొడుగు యాంటెన్నాలు. బుద్ధిగా బారులు తీరి నడవడం వీటికి చేతకాదు. వెనక ఎవరో తరుముతున్నట్టు అడ్డదిడ్డంగా పరిగెడుతుంటాయి. అందుకే ఇంగ్లిష్‌లో వీటిని ‘లాంగ్‌హార్న్ క్రేజీ యాంట్’ అంటారు. శాస్త్రీయ నామం పారాట్రెకినా లాంగికార్నిస్. మొదటి రోజు చూస్తే అంతా గందరగోళమే. నాలుగో రోజుకి ఆ గందరగోళంలో ఒక పద్ధతి కనిపించడం మొదలైంది. ఎదురెదురుగా వచ్చిన రెండు చీమలు ఖాళీగా దాటిపోవు. అరసెకను ఆగి, యాంటెన్నాలతో ఒకదాన్నొకటి తడుముకుని, మళ్లీ పరుగు.

ఇక్కడ ఒక మాట. మనకి కనిపించే పనిచీమలన్నీ ఆడవే. మగవాటికి రెక్కలుంటాయి, జతకడతాయి, కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. ఇంటి పనిలో వాటి వాటా దాదాపు సున్నా. 1998లో వచ్చిన ‘యాంట్జ్’లోనూ, అదే ఏడాది వచ్చిన ‘ఎ బగ్స్ లైఫ్’లోనూ హీరోలు మగ పనిచీమలు. అంటే అసలు లేని ఉద్యోగాన్ని కూడా సినిమావాళ్లు మగవాళ్లకే ఇచ్చారన్నమాట. ఈ సంగతి అమ్మకి చెబితే “ఇందులో కొత్తేముంది?” అంది, గిన్నెలు తోముతూనే.

ఒక మధ్యాహ్నం అమ్మ పంపిన జంతికల్లోంచి చిన్న ముక్క ఒకటి కింద పడింది. తీయకుండా వదిలేశాను. ముందు ఒక చీమ వచ్చింది, చుట్టూ తిరిగింది, లాగి చూసింది, కదల్లేదు. ఇంటివైపు పరుగెత్తింది. ఐదు నిమిషాల్లో పదిహేను, ఇరవై చీమలు దాని చుట్టూ మూగాయి. ముక్క కదలడం మొదలైంది. చూడ్డానికి చిన్న రథంలా ఉంది. కాస్త దూరం వెళ్లాక కుండీ అడ్డమొచ్చి ఆగిపోయింది. ముందున్నవి లాగుతున్నాయి, వెనకున్నవి ఎత్తి పట్టుకున్నాయి, అయినా అక్కడే ఊగుతోంది. ఇంతలో ఎక్కణ్నుంచో ఒక చీమ వచ్చి ఓ పక్క పట్టుకుంది. అంతే, ముక్క మెల్లగా పక్కకి తిరిగి, కుండీని చుట్టి బయల్దేరింది.

ఫోన్‌లో తీసిన ఆ వీడియోని ఎన్నిసార్లు చూశానో. ఆ ఒక్క చీమ ఏం చేసింది? వెతికితే జవాబు దొరికింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఓఫర్ ఫైనర్మన్ టీమ్ సరిగ్గా ఈ జాతి చీమల మీదే పరిశోధన చేసి 2015లో పేపర్ ప్రచురించింది. మోస్తున్న చీమలకి బలం ఉంటుంది కానీ, బరువు పట్టుకుని ఉండగా దారి సరిగా తెలియదు. కొత్తగా వచ్చినదానికి దారి తెలుసు. అది ఒక వైపు లాగితే మిగతావన్నీ ఆ లాగుడుకి లొంగి అటు తిరుగుతాయి. అయితే దాని పెత్తనం 10, 20 సెకన్లే. ఆలోపు దాని సమాచారం పాతబడిపోతుంది, అదీ గుంపులో ఒక మామూలు కూలీ అయిపోతుంది. ఇంకో చీమ వస్తుంది, కాసేపు దారి చూపిస్తుంది. తెలిసినవాడు తెలిసినంతసేపే లీడర్. మా వాళ్లకి కొందరికి ఈ వీడియో ఫార్వర్డ్ చేయాలని చాలాసార్లు చెయ్యి దురద పెట్టింది. షీట్‌లో ఎర్ర గడి గుర్తొచ్చి ఆగిపోయాను.

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. చీమల పుట్టలో మాత్రం ఆజ్ఞలిచ్చేవాళ్లు ఎవరూ లేరు. రాణి అనేది మనం పెట్టిన పేరు. ఆవిడ చేసేది గుడ్లు పెట్టడం, అంతే. ఈ రోజు ఎంతమంది బయటికెళ్లాలి అని ఆవిడ చెప్పదు. మరెవరు చెబుతారు? స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి చెందిన డెబోరా గోర్డన్ అమెరికాలోని అరిజోనా ఎడారిలో, గింజలు ఏరుకునే హార్వెస్టర్ చీమల మీద ముప్పై ఏళ్లకి పైగా ఇదే ప్రశ్న పట్టుకుని పనిచేశారు. పుట్ట గుమ్మం లోపల బయల్దేరడానికి సిద్ధంగా చీమలు ఆగి ఉంటాయి. బయటికెళ్లినవి గింజతో తిరిగొచ్చి, ఆగి ఉన్నవాటిని యాంటెన్నాలతో తాకుతాయి. అలా తాకడం ఎక్కువైతే ఇవి చకచకా బయల్దేరతాయి. తక్కువైతే ఆగుతాయి. గింజలు ఎక్కువ ఉన్న రోజు త్వరగా దొరుకుతాయి కాబట్టి చీమలు త్వరగా తిరిగొస్తాయి, కాబట్టి ఎక్కువమంది వెళ్తారు. లెక్కలు వేసే మేనేజర్ అక్కర్లేదు.

కంప్యూటర్ సైన్స్ చదివినవాళ్లకి ఇప్పటికే ఏదో గుర్తొచ్చి ఉండాలి. గోర్డన్ తమ యూనివర్సిటీలోనే నెట్‌వర్క్స్ చెప్పే ప్రొఫెసర్ బాలాజీ ప్రభాకర్‌ని కలిశారు. ఆయన చూసి, ఇది మన టీసీపీయే కదా అన్నంత పని చేశారు. ఇంటర్నెట్‌లో ఒక ఫైల్ పంపేటప్పుడు అవతలి నుంచి ‘అందింది’ అనే కబురు త్వరత్వరగా వస్తే స్పీడ్ పెంచుతాం, ఆలస్యమైతే తగ్గిస్తాం. చీమలు చేసేదీ అదే. బయటికెళ్లినవి 20 నిమిషాలకి మించి తిరిగి రాకపోతే కొత్తవి బయల్దేరడం ఆగిపోతుంది. అది టైమ్‌అవుట్. 2012లో వాళ్లు ఈ పేపర్ వేసినప్పుడు దానికి ‘యాంటర్నెట్’ అని ముద్దుపేరు కూడా వచ్చింది. బీటెక్ మూడో ఏడాదిలో టీసీపీ మీద పది మార్కుల ప్రశ్నకి బొమ్మలేసి మరీ రాశాను. ఆ బొమ్మల్లో ఒక్క చీమ ఉన్నా జన్మలో మర్చిపోయేవాణ్ని కాదు.

ఇంకో సంగతి నన్ను ఇంకా ఎక్కువ పట్టుకుంది. చాలా జాతుల్లో పుట్టగానే చీమని బయటి పనికి పంపరు. కుర్రచీమలు లోపలే ఉండి పిల్లల్ని చూసుకుంటాయి. వయసు పెరిగేకొద్దీ గుమ్మం వైపు జరుగుతాయి. చివరికి తిండి కోసం బయటికెళ్లేవి అన్నిటికంటే ముసలివి. బయట బల్లి ఉంటుంది, చెప్పు ఉంటుంది, చీపురు ఉంటుంది. ఎలాగూ ఎక్కువ రోజులు బతకనివే ఆ రిస్క్ తీసుకుంటాయి. మా దగ్గర సరిగ్గా తిరగేసి ఉంటుంది లెండి. నైట్ సపోర్ట్ అంటే ఫ్రెషర్లే.

అయితే ఇదంతా బయటి కథ. లోపల ఏం జరుగుతుందో నాకు కనిపించింది ఓనర్ ఆంటీ పుణ్యాన. “బాబూ, ఆ కరివేపాకు కుండీ కాస్త ఇటు జరపవా, నీళ్లన్నీ కింది ఫ్లోర్ వాళ్ల బట్టల మీద పడుతున్నాయంట” అన్నారావిడ. కుండీ ఎత్తాను. అడుగున చీమల ఇల్లు. మట్టి, పెళ్లలు, బియ్యపు నూకల్లా తెల్లటి గుట్టలు. వాటిని మనం చీమగుడ్లు అంటాం కానీ అసలు గుడ్లు అంతకంటే చాలా చిన్నవి. ఆ తెల్లవి ఎక్కువగా లార్వాలు, ప్యూపాలు, అంటే పసిపిల్లలు. చుట్టూ వందల చీమలు. ఒక్క క్షణం, మహా అయితే రెండు క్షణాలు, చాలా చీమలు ఊరికే నిలబడి ఉన్నాయి. మోయడం లేదు, తవ్వడం లేదు, తినిపించడం లేదు. నిలబడి ఉన్నాయంతే. మూడో క్షణానికి వెలుతురు తగిలి ఇల్లంతా లేచింది. అప్పటిదాకా నిలబడ్డవి ఒక్కోటి ఒక్కో తెల్లగింజ నోట కరుచుకుని పరుగు. పది నిమిషాల్లో అక్కడ ఒక్క గింజ లేదు.

ఆంటీ “అయ్యో, మందు కొట్టాల్సింది” అన్నారు. నేను మాత్రం ఆ రెండు క్షణాల గురించే ఆలోచిస్తున్నా. మనం చీమని చూసేది ఎప్పుడు? అది పని మీద బయటికొచ్చినప్పుడు. వంటగది గట్టు మీద, గోడ మీద, పంచదార డబ్బాలో కనిపించేవన్నీ డ్యూటీలో ఉన్నవే. పొద్దున ఎనిమిదిన్నరకి మెట్రో స్టేషన్‌లో నిలబడి, హైదరాబాద్‌లో అందరూ ఎప్పుడూ ఆఫీసుకే వెళ్తుంటారని తేల్చేస్తే ఎలా ఉంటుంది? చీమల కష్టం గురించి మన సామెతలూ, నీతికథలూ చెప్పిందంతా ఆ స్టేషన్‌లో నిలబడి రాసిందే. ఇంట్లో కూర్చున్నవాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

లెక్క తీసినవాళ్లు ఉన్నారు. యూనివర్సిటీ ఆఫ్ అరిజోనాలో డేనియల్ చార్బన్నో, ఆనా డోర్న్‌హౌస్. వాళ్లు తీసుకుంది టెమ్నోథొరాక్స్ రుగాటులస్ అనే జాతి. రాళ్ల సందుల్లో బతికే చాలా చిన్న చీమలు. లాబ్‌లో వాటికి గాజుపలకల మధ్య ఇల్లు కట్టి, ఒక్కో చీమ ఒంటి మీద రంగురంగుల చుక్కలు పెట్టారు. ఎవరు ఎవరో తెలియాలి కదా. మనకి ఐడీ కార్డుల్లాగ. తర్వాత రోజులో వేర్వేరు టైముల్లో వీడియోలు తీసి ప్రతి చీమా ఏం చేస్తోందో రాసుకున్నారు. తేలిందేంటంటే, ఇంచుమించు 40 శాతం చీమలు ఎప్పుడు చూసినా దాదాపు ఖాళీగానే ఉన్నాయి. షిఫ్ట్ అయిపోయి రెస్ట్ తీసుకుంటున్నవి కావు. అవి అంతే.

అసలు ప్రయోగం తర్వాత మొదలైంది. ముందు అన్నిటికంటే ఎక్కువ పనిచేస్తున్న 20 శాతం చీమల్ని తీసేశారు. వారం తిరిగేసరికి, అప్పటిదాకా ఖాళీగా ఉన్నవాటిలోంచే కొన్ని లేచి పని అందుకున్నాయి. పని మళ్లీ పాత స్థాయికి వచ్చింది. ఇంకోసారి తిరగేసి, అన్నిటికంటే ఖాళీగా ఉన్న 20 శాతాన్ని తీసేశారు. ఈసారి ఆ ఖాళీ పూడలేదు. పనిచేస్తున్నవి వచ్చి ఖాళీగా కూర్చోలేదు మరి. అంటే పనివాళ్లు పోతే రిజర్వ్‌లోంచి వస్తారు. రిజర్వ్ పోతే రిజర్వ్ మళ్లీ రాదు. ఈ పేపర్ 2017లో వచ్చింది. నేను మాత్రం బెంచ్‌లో 37వ రోజున, రాత్రి రెండింటికి చదివాను.

చదవగానే నా గడి ఎర్ర రంగు నుంచి పచ్చగా మారిపోయినట్టు అనిపించిందని చెబితే మీరు నమ్మరు, నమ్మకండి కూడా. ఆ పరిశోధకులే ఇంకో పేపర్‌లో, ఈ ఖాళీ చీమల పొట్టలు లావుగా ఉన్నాయనీ, అవి నడిచే తిండి గిడ్డంగులు కావచ్చనీ, వయసులో చిన్నవి కావచ్చనీ, కొన్ని స్వార్థపరులు కూడా కావచ్చనీ రాశారు. పొట్ట విషయంలో నాకు అభ్యంతరం లేదు, బెంచ్ మీద నేను నాలుగు కిలోలు పెరిగాను. ఫైర్ యాంట్స్ అనే జాతిలో పనిచీమలు రోజుకి సుమారు 250 సార్లు, ఒక్కోసారి నిమిషం చొప్పున కునుకు తీస్తాయని కూడా చదివాను. మా వాట్సాప్ గ్రూప్‌లో పెడితే అందరూ దానికే ఎక్కువ లైకులు కొట్టారు.

నాన్నకి ఫోన్‌లో మొత్తం చెప్పాను. కొట్టులో ఉన్నాడు, వెనక ఫ్యాన్ చప్పుడు.

“సగం దాకా ఖాళీగా కూర్చుంటాయా? మరి పనిచేసేవి ఊరుకుంటాయా?” అన్నాడు.

“వాటికి పక్కదాని షీట్ చూసే అలవాటు లేదు నాన్నా.”

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా మన కొట్టుకి ఎవడొస్తాడ్రా? అయినా తలుపు తీసే ఉంచుతాగా. ఎవరింటికో చుట్టాలొస్తారు, ఎవరికో తలనొప్పి బిళ్ల కావాలి” అన్నాడు.

నేను సంతోషపడేలోపే, “కాకపోతే నేను కూర్చున్నందుకు నాకెవడూ జీతమివ్వడు. నీకిస్తున్నారు. ఇచ్చేవాడికి లెక్కుంటది. ఆ లెక్కలో నువ్వెక్కడున్నావో చూసుకో” అని పెట్టేశాడు. ఆ రోజుకి చీమని చూసి నేర్చుకోమని మాత్రం అనలేదు.

నాన్న పాయింటే అసలు పాయింట్. పుట్టలో తిండి అందరిదీ. చీమకి రెండు పొట్టలుంటాయి. ఒకటి తన కోసం, రెండోది పక్కవాళ్ల కోసం. బయట తాగొచ్చిన తీపిని ఆ రెండో పొట్టలో తెచ్చి నోటితో అందరికీ పంచుతుంది. నువ్వు నిన్న ఎన్ని గింజలు తెచ్చావ్ అని అడగదు. ఖాళీగా ఉందని చీమని చీమలేవీ బయటికి పంపలేదు. తీసేసింది పరిశోధకులు, పటకారుతో.

అలాగని చీమల్ని దేవతల్ని చేయక్కర్లేదు. బతికున్నదాన్ని శ్మశానానికి మోసుకెళ్లే సందర్భం వాటిలోనూ ఒకటుంది. చీమ చనిపోయిన ఒకట్రెండు రోజులకి దాని ఒంట్లోంచి ఓలియిక్ ఆసిడ్ వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే తోటి చీమలు దాన్ని తీసుకెళ్లి చెత్తకుప్పలో పడేస్తాయి. మా బాల్కనీ మూలన అలాంటి కుప్ప ఒకటి చూశాను. 1950ల చివర్లో ఇ.ఓ. విల్సన్ అనే శాస్త్రవేత్త ఈ ఆసిడ్ చుక్కని బతికున్న చీమకి పూశాడు. అది కాళ్లు కొట్టుకుంటున్నా వినకుండా మిగతావి మోసుకెళ్లి కుప్పలో పడేశాయి. లేచి ఇంటికొస్తే మళ్లీ మోసుకెళ్లాయి. ఒళ్లంతా శుభ్రంగా తుడుచుకున్నాకే ఇంట్లోకి రానిచ్చాయి. ఆ కథ చదివాక ఎర్ర గడిని మామూలుగా చూడలేకపోయాను. ఆ గడితో ఇంటర్వ్యూకి వెళ్తే అవతలివాళ్లు ముందు అడిగేది మనకేం వచ్చు అని కాదు, “ఎన్నాళ్లుగా బెంచ్?” అని.

నాకు 52వ రోజున ప్రాజెక్ట్ దొరికింది. ఆ టీమ్‌లో ఒక మేడమ్ మెటర్నిటీ లీవ్‌కి వెళ్తున్నారు, ఆవిడ పని అందుకోవాలి. బెంచ్‌లో ఉండగా చేసిన కోర్సుల్లో ఒకటి పనికొచ్చింది, వారంలో కుదురుకున్నాను. నాతోపాటు బెంచ్ మీదున్న వరంగల్ కుర్రాడికి మాత్రం హెచ్‌ఆర్ పిలుపు వచ్చింది. 20 నిమిషాల వీడియో కాల్. తనంతట తాను రాజీనామా చేస్తే రెండు నెలల జీతం ఇస్తామన్నారట. ల్యాప్‌టాప్ అప్పగించడానికి వచ్చిన రోజు గేటు బయట ఇద్దరం టీ తాగాం. ఇంట్లో ఇంకా చెప్పలేదన్నాడు. నేను చీమల సంగతేదీ ఎత్తలేదు. అలాంటప్పుడు ఎవరికైనా కావాల్సింది రిఫరల్, సైన్స్ కాదు. తెలిసినవాళ్లకి అతని రెజ్యూమే పంపాను.

నెల తిరక్కుండానే మా క్లయింట్ కొత్త మాడ్యూల్ ఒకటి ఇచ్చాడు. పాత జావా కోడ్, దాని మీద కాఫ్కా. డెడ్‌లైన్ దగ్గర్లోనే ఉంది, టీమ్‌లో అందరూ అప్పటికే శనివారాలు కూడా పనిచేస్తున్నారు. మా లీడ్ కాల్‌లో, “ఇది తెలిసినవాళ్లు కంపెనీలో ఎవరైనా ఖాళీగా ఉన్నారా?” అని అడిగాడు. నేను వరంగల్ కుర్రాడి పేరు చెప్పాను. అతను మూడేళ్లు చేసింది అదే పని. లీడ్ స్క్రీన్ షేర్ ఆపకుండానే పోర్టల్‌లో పేరు కొట్టాడు. రెండు సెకన్లు ఆగి, “ఈ ఐడీ ఇనాక్టివ్ అని చూపిస్తోందే” అన్నాడు.

అతను పూణెలో వేరే కంపెనీలో చేరి అప్పటికి పది రోజులు.